ఎన్‌హెచ్‌ఎస్ స్మియర్ టెస్ట్ ఉత్తరం: మన అమ్మాయిలకు ఏం అడ్డొస్తోంది?

రమ_ప్రాక్టీస్‌నర్స్ | శనివారం, ఉదయం 9:12

అందరికీ నమస్కారం. నేను ఇంగ్లండ్‌లో మిడ్‌లాండ్స్‌లో ఒక జీపీ సర్జరీలో (అంటే ఫ్యామిలీ డాక్టర్ క్లినిక్‌లో) ప్రాక్టీస్ నర్సుని. స్మియర్ టెస్టులు తీయడం, అంటే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ముప్పును ముందే పట్టడానికి అక్కడి కణాలు కొన్ని తీయడం, నా రోజువారీ పని. మాస్టర్స్‌కి వచ్చి ఇక్కడే ఉద్యోగాల్లో కుదురుకున్న మన తెలుగు అమ్మాయిలు, డిపెండెంట్ వీసా మీద వచ్చినవాళ్లు ఈ టెస్టుకి రావడం చాలా తక్కువ. ఎన్‌హెచ్‌ఎస్ (ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ) నుంచి ఉత్తరం వెళ్తుంది, తర్వాత రిమైండర్ వెళ్తుంది, అయినా జవాబు ఉండదు.

నాకు బాధ కలిగించే విషయం ఒకటుంది. ఇక్కడ పెరిగిన ఆడపిల్లలకి 2008 నుంచి స్కూల్లోనే, 12-13 ఏళ్ల వయసులో, ఈ క్యాన్సర్ తెచ్చే హెచ్‌పీవీ అనే వైరస్‌కి టీకా వేస్తున్నారు. ఇంగ్లండ్‌లో ఆ వయసులో టీకా అందిన తరంలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ 87 శాతం తగ్గిందని 2021లో లాన్సెట్ పత్రికలో పరిశోధన వచ్చింది. మన పిల్లలు గుంటూరులోనో వరంగల్‌లోనో చదువుకుని 22, 23 ఏళ్లకి ఇక్కడ దిగుతారు. వాళ్లలో చాలామందికి ఆ టీకా పడలేదు. ఆఫీసులో పక్క సీటు ఇంగ్లిష్ అమ్మాయికి ఉన్న రక్షణ మన అమ్మాయికి లేదు. మరి ఈ టెస్టు ఎవరికి ఎక్కువ అవసరం?

ఏం ఆపుతోందో మొహమాటపడకుండా రాయండి. అసలు పేర్లు అక్కర్లేదు. నాకు తెలిసినంతవరకు చెప్తాను.

సింధు_కోవెంట్రీ | శనివారం, ఉదయం 10:40

రమక్కా, నాకు మొన్నీమధ్యే వచ్చింది. నాకింకా పెళ్లి కాలేదు. అమ్మకి ఫోన్లో చెప్తే "పెళ్లికాని పిల్లకి ఆ టెస్టులేంటే, నలుగురికీ తెలిస్తే ఏమనుకుంటారు" అంది. మాది షేరింగ్ హౌస్. కవర్ కింద హాల్లో పడి ఉంది. ఎవరెవరు చూశారో అని ఒకటే టెన్షన్. వెళ్తే పెళ్లయిందా అని అడుగుతారా? రిపోర్టు నాకు కాకుండా ఇంకెవరికైనా వెళ్తుందా? అసలు నాలాంటివాళ్లు వెళ్లాలా?

రమ_ప్రాక్టీస్‌నర్స్ | శనివారం, ఉదయం 11:05

సింధూ, ఆ ఉత్తరం వయసును చూసి వస్తుంది, అంతే. జీపీ దగ్గర రిజిస్టర్ అయిన ప్రతి అమ్మాయికీ 24న్నర ఏళ్ల ప్రాంతంలో మొదటి పిలుపు వస్తుంది. 64 ఏళ్ల వరకు వస్తూనే ఉంటుంది. నువ్వేం చేశావో, చేయలేదో ఎవరికీ తెలియదు, ఆ కవర్ చూసినవాళ్లకి కూడా. ఎన్‌హెచ్‌ఎస్ యాప్ పెట్టుకుని నోటిఫికేషన్లు ఆన్ చేసుకో. ఇప్పుడు చాలామందికి పిలుపు అందులోనే వస్తోంది.

పెళ్లయిందా అని అడగం. ఇంతకుముందు ఎప్పుడైనా లైంగిక సంబంధం ఉందా అని మాత్రం అడగొచ్చు. ఎంత చిన్న స్పెక్యులమ్ (యోనిని కొద్దిగా తెరిచి ఉంచే పరికరం) వాడాలో, నీకు ఈ టెస్టు ఎంత అవసరమో చెప్పడానికే ఆ ప్రశ్న. నీ జవాబు ఆ గది దాటదు. రిపోర్టు నీకు, నీ జీపీకి వెళ్తుంది. అమ్మకి, యూనివర్సిటీకి, ఆఫీసుకి వెళ్లదు. వీసాతో దీనికి ఏ సంబంధమూ లేదు.

ఇక వెళ్లాలా అన్నది. ఎవరితోనూ ఎలాంటి లైంగిక స్పర్శా ఎప్పుడూ లేకపోతే రిస్క్ చాలా తక్కువ. ఇప్పుడు వద్దనుకోవచ్చని ఎన్‌హెచ్‌ఎస్సే చెబుతుంది. కానీ ఒక్కరితోనైనా, ఒక్కసారైనా దగ్గరితనం ఉంటే, అది పూర్తి కలయిక కాకపోయినా సరే, వెళ్లడమే మంచిది. జననాంగాల దగ్గర చర్మం చర్మానికి తగిలినా హెచ్‌పీవీ పాకుతుంది. కండోమ్ రిస్క్ తగ్గిస్తుంది గానీ పూర్తిగా ఆపదు. అమ్మాయిలతో మాత్రమే సంబంధం ఉన్నవాళ్లకీ ఇదే వర్తిస్తుంది. ఇందులో నువ్వు ఏ కోవలోకి వస్తావో నాకు చెప్పక్కర్లేదు. నీకు తెలిస్తే చాలు.

లక్ష్మి_స్లౌ | శనివారం, మధ్యాహ్నం 1:22

నేను ఈ దేశానికి వచ్చింది 2008లో. అప్పట్లో ఎక్కడ చూసినా జేడ్ గుడీ పేరే. శిల్పాశెట్టితో టీవీ షోలో గొడవపడి, మనవాళ్లందరి చేతా తిట్లు తిన్న అమ్మాయి. ఆ ఏడాది ఆగస్టులో మన బిగ్ బాస్ హిందీ షోకి వెళ్లింది. ఇక్కడ చేయించుకున్న పరీక్షల ఫలితం ఆ ఇంట్లో ఉండగానే ఫోన్లో చెప్పారు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్. 2009 మార్చి 22న చనిపోయింది. 27 ఏళ్లు, ఇద్దరు చిన్న మగపిల్లలు.

చివరి నెలలు ఆమె దాచుకోలేదు. జుట్టు ఊడిన తలతో బయటికి వచ్చింది, ఇంటర్వ్యూలు ఇచ్చింది. ఆ ఏడాది కాలంలో ఇంగ్లండ్‌లో మామూలుగా వచ్చేవాళ్ల కంటే 4 లక్షల మందికి పైగా ఎక్కువగా టెస్టుకి వెళ్లారు. మా వీధిలో ఒక పంజాబీ ఆవిడ నన్ను చెయ్యి పట్టుకుని సర్జరీకి తీసుకెళ్లింది. ఆ కదలిక మళ్లీ చల్లారిపోయింది. ఇప్పుడు పిలిచిన ప్రతి ముగ్గురిలో దాదాపు ఒకరు వెళ్లడం లేదట. ఒక అమ్మాయి చచ్చిపోతే తప్ప మనం కదలమా అని నాకు గట్టిగా అడగాలనిపిస్తుంది.

వేకువ | శనివారం, మధ్యాహ్నం 3:48

నేను కొంచెం అడ్డంగా మాట్లాడతాను, కోపం తెచ్చుకోవద్దు. "వెళ్లి తీరాలి", "చచ్చిపోతే తప్ప కదలరా" లాంటి మాటలు కొందరిని ఇంకా వెనక్కి నెడతాయి. చిన్నప్పుడు మన ఇళ్లలోనే కొందరి మీద జరగకూడనివి జరిగాయి. ఆ బల్ల మీద పడుకుని కాళ్లు ఎడం చేయమంటే ఒళ్లంతా బిగుసుకుపోతుంది. అది బద్ధకం కాదు, సిగ్గూ కాదు. మమ్మల్ని నిర్లక్ష్యం చేసేవాళ్ల లెక్కలో కలపకండి.

లక్ష్మి_స్లౌ | శనివారం, సాయంత్రం 4:10

అమ్మా, నువ్వు చెప్పింది నిజం. నా మాట నీలాంటివాళ్లకి ఎలా తగులుతుందో ఇప్పుడు అర్థమైంది. రాసినందుకు సంతోషం.

రమ_ప్రాక్టీస్‌నర్స్ | శనివారం, సాయంత్రం 4:35

వేకువ గారూ, మీరు రాసింది ప్రతి నర్సూ చదవాలి. ఈ టెస్టుకి వెళ్లాలా వద్దా అన్నది ఎప్పుడూ మీ ఇష్టమే. ఎన్‌హెచ్‌ఎస్ పంపే కాగితంలో కూడా అదే రాసి ఉంటుంది.

ఎప్పుడైనా వెళ్లాలనిపిస్తే బుక్ చేసేటప్పుడు "నాకు ఈ టెస్టు కష్టం, డబుల్ అపాయింట్‌మెంట్ కావాలి" అని ఒక్క మాట చెప్పండి. కారణం చెప్పక్కర్లేదు. మహిళా నర్సు కావాలని అడగొచ్చు. తోడుగా స్నేహితురాలిని తీసుకురావొచ్చు. మొదటిసారి వచ్చి ఊరికే మాట్లాడి వెళ్లిపోవచ్చు. నా దగ్గర అలా వెళ్లినవాళ్లు ఉన్నారు. స్పెక్యులమ్ మీ చేత్తో మీరే పెట్టుకుంటామన్నా ఒప్పుకుంటాం. "ఆపండి" అంటే ఆపేస్తాం, మధ్యలో ఉన్నా సరే.

ఇంకొక దారి కూడా తెరుచుకుంటోంది. చాలాకాలంగా టెస్టుకి రానివాళ్లకి ఇంట్లోనే శాంపిల్ తీసుకునే కిట్లు 2026 నుంచి పంపుతామని ఇంగ్లండ్‌లో 2025 జూన్‌లో ప్రకటించారు. పొడవాటి దూది పుల్లలాంటిదాన్ని యోనిలో తిప్పి, ట్యూబ్‌లో పెట్టి పోస్టు చేయడమే. స్పెక్యులమ్ ఉండదు. మీ సర్జరీలో అడిగి చూడండి.

మౌనిక_లీడ్స్ | శనివారం, సాయంత్రం 6:02

నొప్పి గురించి ఎవరూ నిజం చెప్పడం లేదు. "అయిదు నిమిషాలు, ఏమీ ఉండదు" అంటారు. నాకు మొదటిసారి ప్రాణం పోయినంత పనైంది. ఆ నర్సు హడావుడిలో ఉంది. "రిలాక్స్, రిలాక్స్" అంటూనే ఉంది. ఇంటికొచ్చి ఏడ్చాను. రెండోసారి వేరే సర్జరీలో, రమగారు చెప్పినట్టే అడిగాను. చిన్న స్పెక్యులమ్ వాడారు, ఎడమ వైపు తిరిగి పడుకోమన్నారు. వెల్లకిలా పడుకుంటే నడుం కింద పిడికిళ్లు పెట్టుకోవచ్చని కూడా చెప్పింది ఆ నర్సు. చిరాకుగా ఉంది గానీ నొప్పి లేదు. అంత తేడా ఉంటుందని నాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. అందుకే ఇక్కడ రాస్తున్నాను. లంగా లాంటిదో వదులుగా ఉన్న గౌనో వేసుకెళ్లండి, పూర్తిగా విప్పాల్సిన పని ఉండదు. నెలసరి లేని రోజుకి బుక్ చేసుకోండి.

పేరు_చెప్పను | శనివారం, రాత్రి 10:51

రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. నాకు హెచ్‌పీవీ పాజిటివ్ వచ్చింది. కణాలు మామూలుగానే ఉన్నాయి, 12 నెలల తర్వాత మళ్లీ రమ్మన్నారు. ఆ ఉత్తరం మా ఆయన చదివాడు. గూగుల్ చేశాడు. "ఇది ఎవరి దగ్గర్నుంచి వచ్చింది" అన్నాడు. నా జీవితంలో ఆయన తప్ప ఎవరూ లేరు. వారం రోజులు ఇంట్లో మాటల్లేవు. నా ఫ్రెండ్స్ ఇద్దరు నా సంగతి విని "మేం వెళ్లం బాబోయ్" అన్నారు. క్యాన్సర్ భయం కాదు వాళ్లది. ఇదీ.

వైరాలజీ_విజయ | ఆదివారం, ఉదయం 8:15

పై పోస్టు చదివాక నిద్ర పట్టలేదు. నేను ఇక్కడ ల్యాబ్‌లో పనిచేస్తాను, ఇలాంటి వైరస్‌ల మీదే. దయచేసి ఈ పోస్టు మీవారికి చూపించండి.

హెచ్‌పీవీలో వందకు పైగా రకాలున్నాయి. లైంగిక జీవితం ఉన్న ఆడా మగా దాదాపు అందరికీ ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒక రకం తగులుతుంది. ఎక్కువమందిలో రెండేళ్లలోపు శరీరమే దాన్ని అణచేస్తుంది. కొందరిలో ఏళ్ల తరబడి బయటపడకుండా ఉండి, తర్వాత టెస్టులో కనబడుతుంది. కాబట్టి పాజిటివ్ వచ్చిందంటే వైరస్ ఎప్పుడు వచ్చిందో, ఎవరి నుంచి వచ్చిందో ఏ ల్యాబూ చెప్పలేదు. పెళ్లికి ముందు భర్తకి ఒక స్నేహితురాలు ఉండి ఉండొచ్చు. అతనికి ఏ లక్షణమూ ఉండదు, అతనికే తెలియదు. మగవాళ్లకి దీనికోసం చేసే స్క్రీనింగ్ టెస్టు కూడా లేదు. కనబడేది ఆడవాళ్ల రిపోర్టులోనే, నింద పడేదీ వాళ్ల మీదే. ఇది అన్యాయం, సైన్సు ప్రకారం తప్పు కూడా.

ఇంగ్లండ్‌లో ఈ టెస్టు చేయించుకున్న 100 మందిలో సుమారు 13 మందికి హెచ్‌పీవీ కనబడుతుంది. వాళ్లలో చాలామందికి మీలాగే కణాల్లో ఏ మార్పూ ఉండదు. ఈ రిపోర్టు మీ నడవడికకి సర్టిఫికెట్ కాదు.

పేరు_చెప్పను | ఆదివారం, ఉదయం 11:30

చూపించాను. చదివాడు. సారీ అన్నాడు. విజయ గారూ, మీకు ఎలా థాంక్స్ చెప్పాలో తెలియడం లేదు.

ఖమ్మం_బిడ్డ | ఆదివారం, మధ్యాహ్నం 12:44

నా కథ వేరు. మాది ఖమ్మం జిల్లా. 2009లో మా జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకి ప్రయోగాత్మకంగా ఈ టీకా వేసిన కార్యక్రమం గుర్తుందా? నేను అప్పుడు హాస్టల్లో ఉండేదాన్ని. మాకూ వేశారు. ఏం సూదో మాకు సరిగ్గా చెప్పలేదు. అమ్మానాన్నల బదులు వార్డెన్ సంతకం పెట్టింది. తర్వాత కొంతమంది పిల్లలు చనిపోయారని పేపర్లో వచ్చి, 2010లో ఆపేశారు. అమ్మ నన్ను పట్టుకుని ఏడ్చింది. ఇప్పటికీ ఈ విషయం వస్తే మా ఇంట్లో వాళ్లు వణికిపోతారు. ఇప్పుడు నాకు ఇక్కడ స్మియర్ ఉత్తరం వచ్చింది. అదీ ఇదీ ఒకటేనా? టీకా వేయించుకున్నాను కదా, ఇంక అవసరం లేదా? నాకు ఎన్ని డోసులు వేశారో కూడా తెలియదు.

వైరాలజీ_విజయ | ఆదివారం, మధ్యాహ్నం 2:20

మీ కోపం న్యాయమైనది. ఆ మరణాలకీ టీకాకీ సంబంధం లేదని విచారణల్లో తేలింది. కానీ అనుమతి తీసుకున్న తీరు తప్పని 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం గట్టిగానే చెప్పింది. తల్లిదండ్రులను అడగకుండా వార్డెన్లతో సంతకాలు పెట్టించడాన్ని తప్పుపట్టింది. టీకా సురక్షితం అయినంత మాత్రాన పేదింటి పిల్లలని అడగకుండా వేయడం ఒప్పు అయిపోదు. ఈ రెండూ విడివిడి విషయాలు, రెండూ నిజాలే. దాని దెబ్బ మన రాష్ట్రాల్లో ఈ టీకా మీద నమ్మకానికి చాలాకాలం తగిలింది.

స్మియర్ టెస్టు వేరు. ఒంట్లోకి ఏమీ ఎక్కించరు. మెత్తటి చిన్న బ్రష్‌తో గర్భాశయ ముఖద్వారం మీది కణాలు కొన్ని తీసుకుంటారు. ముందు వాటిలో హెచ్‌పీవీ ఉందా అని చూస్తారు, ఉంటేనే కణాలు మారాయా అని చూస్తారు.

టీకా పడినా టెస్టుకి వెళ్లాలి. అప్పుడు మీ జిల్లాలో వాడిన టీకా 16, 18 రకాల నుంచి కాపాడుతుంది. ఈ క్యాన్సర్లలో సుమారు 70 శాతానికి కారణం ఆ రెండే. మిగతా 30 శాతానికి వేరే రకాలు కారణం. డోసుల సంగతి నర్సుకి ఉన్నదున్నట్టు చెప్పండి.

ఖమ్మం_బిడ్డ | ఆదివారం, మధ్యాహ్నం 3:05

"అడగకుండా వేయడం ఒప్పు అయిపోదు" అన్న మాట ఇన్నేళ్లలో చదువుకున్నవాళ్లు ఒకరు నాతో అనడం ఇదే మొదటిసారి. వెళ్తాను. ఈసారి సంతకం నాది.

హారిక_23 | ఆదివారం, సాయంత్రం 5:17

నాకు 23. 25 దాకా ఎందుకు ఆగాలి? ఇండియా వెళ్లినప్పుడు డబ్బు కట్టి చేయించుకోనా? పీరియడ్స్ మధ్యలో అప్పుడప్పుడు రక్తం కనిపిస్తోంది, అందుకని.

రమ_ప్రాక్టీస్‌నర్స్ | ఆదివారం, సాయంత్రం 5:31

హారికా, నీకు స్మియర్ గురించి తర్వాత చెప్తాను. ముందు రేపు పొద్దున్నే జీపీకి ఫోన్ చెయ్. పీరియడ్స్ మధ్య రక్తం, కలయిక తర్వాత రక్తం, వాసనతోనో రంగు మారో తెల్లబట్ట, కింద నొప్పి, వీటికి స్క్రీనింగ్ కోసం ఆగకూడదు. టెస్టు నార్మల్ వచ్చి ఉన్నా ఆగకూడదు. ఎక్కువసార్లు కారణం చిన్నదే ఉంటుంది, ఇన్‌ఫెక్షనో, గర్భనిరోధక మాత్రలో. కానీ డాక్టర్ చూడాలి. "నా వయసు తక్కువ కదా" అని వాళ్లంటే "పరీక్ష చేసి చూడండి" అని గట్టిగా అడుగు.

25 ఎందుకంటే, అంతకంటే చిన్న వయసులో ఈ క్యాన్సర్ చాలా అరుదు. కణాల్లో మార్పులు మాత్రం మామూలే, చాలావరకు వాటంతట అవే పోతాయి. వాటిని వెతికి చికిత్స చేస్తే మేలు కంటే కీడు ఎక్కువ. ఇంగ్లండ్‌లో ఒకప్పుడు 20 నుంచే పిలిచేవాళ్లు, 2003లో 25కి మార్చారు.

అనూష_గ్లాస్గో | ఆదివారం, రాత్రి 8:26

కీడు అంటే ఏమిటో నేను చెప్తాను, ఎందుకంటే నాకు చికిత్స జరిగింది. నాకు సీఐఎన్-3 వచ్చింది. అది క్యాన్సర్ కాదు. వదిలేస్తే ఏళ్ల మీద క్యాన్సర్ అవ్వగలిగిన మార్పు. కాల్పోస్కోపీకి పంపారు, భూతద్దం లాంటి యంత్రంతో చూశారు. మత్తు ఇంజెక్షన్ అక్కడే ఇచ్చి, సన్నటి కరెంటు తీగతో ఆ భాగం తీసేశారు. ఆ రోజే ఇంటికొచ్చాను. కొన్ని వారాలు తెల్లబట్ట, కొంచెం రక్తం. ఆరు నెలలకి మళ్లీ టెస్ట్ చేస్తే నెగెటివ్.

అత్తగారి మొదటి ప్రశ్న "పిల్లలు పుడతారా". పుట్టింది, పాప. ఈ చికిత్స వల్ల గర్భం రాకపోవడం ఉండదు గానీ, ఎక్కువ లోతుగా తీయాల్సి వస్తే నెలలు నిండకుండా కాన్పయ్యే అవకాశం కొద్దిగా పెరుగుతుందని డాక్టర్ ముందే చెప్పింది. అందుకే కడుపుతో ఉన్నప్పుడు ముఖద్వారం పొడవు స్కాన్‌లో చూస్తూ వచ్చారు. నాకు ఏ లక్షణమూ లేదు. టెస్ట్ లేకపోతే ఇది తెలిసేదే కాదు.

ఇంకోటి, స్కాట్లండ్‌లో, వేల్స్‌లో ముందునుంచే హెచ్‌పీవీ లేకపోతే ఈ టెస్టు అయిదేళ్లకోసారే. ఇంగ్లండ్‌లో కూడా 2025 జులై నుంచి 50 లోపు వాళ్లకి మూడేళ్లు కాస్తా అయిదేళ్లయ్యింది.

భరత్_రీడింగ్ | ఆదివారం, రాత్రి 9:40

మగవాణ్ణి రాయొచ్చా? మా ఆవిడ ఈమధ్యే వచ్చింది, డిపెండెంట్ వీసా. ఇంగ్లిష్ అంటే భయం. ఉత్తరం రాలేదు. నేను పక్కన ఉండి చెప్తే సరిపోతుందా?

రమ_ప్రాక్టీస్‌నర్స్ | ఆదివారం, రాత్రి 10:02

తప్పకుండా రాయాలి భరత్ గారూ. ఉత్తరం రాలేదంటే ఆమె జీపీలో రిజిస్టర్ అయ్యారో లేదో చూడండి. డిపెండెంట్లు చాలామంది అక్కడే ఆగిపోతారు. రిజిస్ట్రేషన్‌కి, టెస్టుకి పైసా కట్టక్కర్లేదు. వయసు 25 దాటి ఉంటే సర్జరీయే అపాయింట్‌మెంట్ ఇస్తుంది.

మీరు అనువాదం చేయొద్దు. తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని బుక్ చేసేటప్పుడే చెప్పండి. ఫోన్ మీదైనా పెడతారు, ఉచితమే. మీ ముందు చెప్పలేనివి ఆమెకి ఉండొచ్చు, అది తప్పు కాదు. మీరు బయట కూర్చోండి, పిల్లలుంటే చూసుకోండి. రిపోర్టు వచ్చాక విజయగారి పోస్టు ఇద్దరూ కలిసి చదవండి.

పద్మజ_హైదరాబాద్ | సోమవారం, ఉదయం 7:55

నేను హైదరాబాద్‌లో గైనకాలజిస్టుని. మీ అమ్మల గురించి కూడా ఒక మాట. 2022 లెక్కల ప్రకారం మన దేశంలో ఆ ఒక్క ఏడాదే సుమారు 1.27 లక్షల మందికి ఈ క్యాన్సర్ బయటపడింది, దాదాపు 80 వేల మంది చనిపోయారు. 30-49 ఏళ్ల ఆడవాళ్లలో జీవితంలో ఒక్కసారైనా ఈ పరీక్ష చేయించుకున్నవాళ్లు 100కి ఇద్దరని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తేలింది. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది రక్తం కనబడ్డాకే వస్తారు.

మహారాష్ట్రలోని అప్పటి ఉస్మానాబాద్ (ఇప్పుడు ధారాశివ్) జిల్లా పల్లెల్లో 1.3 లక్షల మంది మీద జరిగిన అధ్యయనం 2009లో వచ్చింది. 30 దాటాక ఒకే ఒక్కసారి హెచ్‌పీవీ టెస్టు చేసినా, ఈ క్యాన్సర్ మరణాలు సగానికి దగ్గరగా తగ్గాయి.

శ్రావణి_క్రాయిడన్ | సోమవారం, ఉదయం 9:18

డాక్టర్ గారూ, మా అమ్మ విజిటర్ వీసా మీద వస్తోంది. 52 ఏళ్లు, నెలసరి ఆగిపోయింది. ఇక్కడే చేయించనా?

పద్మజ_హైదరాబాద్ | సోమవారం, ఉదయం 11:46

విజిటర్లకి ఎన్‌హెచ్‌ఎస్ స్క్రీనింగ్ పిలుపు రాదమ్మా. బయలుదేరేముందే ఇక్కడ చేయించి పంపించు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో 30 దాటినవాళ్లకి ఎసిటిక్ యాసిడ్ రాసి చూసే పరీక్ష ఉచితంగా చేస్తారు. కానీ నెలసరి ఆగినవాళ్లలో మార్పులొచ్చే భాగం లోపలికి వెళ్లిపోతుంది కాబట్టి ఆ పరీక్షలో సరిగ్గా కనబడదు. మీ అమ్మగారికి హెచ్‌పీవీ టెస్టు గానీ పాప్ స్మియర్ గానీ అడగండి. నెలసరి ఆగాక ఒక్క చుక్క రక్తం కనబడినా టెస్టు కోసం చూడకుండా నేరుగా డాక్టర్‌కి చూపించాలని చెప్పు. "ఈ వయసులో నాకెందుకే" అంటారు, అందరూ అంటారు. నీ రిపోర్టు ఆమెకి చూపించు, వింటారు.